ఆ ఇరవై బాట్లు ఎవరు కట్టారు?

బ్యాంకాక్‌లో రాజుగారి కోట, గ్రాండ్ ప్యాలెస్, తెల్లగోడ పక్కన నడుస్తుంటే ఒకాయన ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఏదో గుర్తింపు కార్డు, నోరారా నవ్వు. "ఇండియానా?" అన్నాడు. అవునన్నాను. "అయ్యో, ఇవాళ పూజ ఉంది. ఒంటిగంట దాకా ప్యాలెస్ తియ్యరు" అన్నాడు. నా మొహం వాడిపోవడం చూసి, నా చేతిలో మ్యాపు తీసుకుని పెన్నుతో మూడు చోట్ల సున్నాలు చుట్టాడు. ఈలోగా ఇవి చూసి రావచ్చట. గవర్నమెంటు టుక్‌టుక్, అంటే అక్కడి ఆటో, ఉందట. మొత్తం తిప్పి మళ్ళీ ఇక్కడే దింపితే 20 బాట్లట.

20 బాట్లంటే మన డబ్బుల్లో యాభై రూపాయల పైచిలుకు. ఆ లెక్క చెవిన పడగానే బుర్ర పనిచెయ్యడం మానేసింది. ఎక్కి కూర్చున్నాను.

మొదటి గుడి మాత్రం నిజమైన గుడే. ఇంతరవిహాన్, అంటే ఇంద్రవిహారం. 32 మీటర్ల ఎత్తున నిలబడ్డ బంగారు బుద్ధుడు. కింద నిలబడి చూస్తే ముందు పాదాల గోళ్ళే కనిపిస్తాయి, మొహం కోసం మెడ విరుచుకోవాలి. రెండో సున్నా దగ్గరికి వెళ్తే గుడి కాదు, సూట్లు కుట్టే దుకాణం. మూడోది రాళ్ళ నగల షాపు. డ్రైవరు వెనక్కి తిరిగి చాలా మర్యాదగా బతిమాలాడు. "కొనక్కర్లేదు. పది నిమిషాలు లోపల తిరిగి వచ్చెయ్. నాకు కూపన్ ఇస్తారు." సూట్ల షాపులో పది నిమిషాలు గుడ్డలు తడిమి చూశాను. నగల షాపులో తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. ఆ తర్వాత అతను నాతో మాట్లాడలేదు. ఏదో వంతెన పక్కన ఆపి దిగమన్నాడు. జేబులోంచి 20 బాట్ల నోటు తీసి ఇస్తే చెయ్యి అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

అక్కడి నుంచి ఎండలో నడుచుకుంటూ ప్యాలెస్ గేటు దగ్గరికి వచ్చేసరికి 3:40. ప్యాలెస్ ఉదయం 8:30కే తీశారు, మధ్యాహ్నం 3:30కి టిక్కెట్లు ఆపేశారు. పూజా లేదు, గీజా లేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ మాట నమ్మొద్దని అక్కడే బోర్డు కూడా ఉంది.

మోసపోయానని బాధ లేదని చెప్పను. కానీ ఆ రాత్రి డార్మిటరీ మంచం మీద పడుకుంటే నన్ను తొలిచింది అది కాదు. అతను ఆ 20 బాట్లు కూడా తీసుకోలేదు. ఊరంతా తిప్పాడు, గ్యాస్ తగలేశాడు, గంటన్నర పోగొట్టుకున్నాడు. నేను పైసా కట్టలేదు. మరి కట్టిందెవరు? నాకన్నా ముందు ఆ నగల షాపులో గాజుముక్కకి వేలు పోసిన ఏ వెర్రివాడో కట్టాడు. నేను అతని డబ్బుతో తిరిగొచ్చాను.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నేను బ్యాంకాక్ వెళ్ళింది మా పిన్ని కొడుకు ఇచ్చిన ఎక్సెల్ షీటు పట్టుకుని. వాడు నాకన్నా ఏడాది ముందు వెళ్ళొచ్చాడు. ఏ పూట ఎంతయిందో గడులు గీసి, కింద మొత్తం ఎర్ర రంగులో వేసి పంపాడు. "అన్నయ్యా, బుర్ర వాడాలే గానీ బ్యాంకాక్ అంత చవకైన ఊరు ఇంకోటి లేదు" అని మెసేజ్. (ఆఫీసులో బ్యాంకాక్ అని చెప్పగానే ఒకలాంటి నవ్వులు నవ్వారు. ఆ నవ్వులకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.) వాడి షీటుతో నాకు పేచీ లేదు. చాలా పనికొచ్చింది. నా పేచీ అంతా ఆ "బుర్ర" అన్న మాటతోనే. చవకగా తిరిగొచ్చిన ప్రతివాడూ అది తన తెలివే అనుకుంటాడు. ఐదు రోజులు తిరిగాక నాకు తెలిసిందేంటంటే, నేను తక్కువ కట్టిన ప్రతిచోటా మిగతాది ఇంకెవరో కడుతున్నారు.

ఎర్ర బస్సు సంగతే తీసుకోండి. ఏసీ లేదు, కిటికీలన్నీ బార్లా తెరిచి ఉంటాయి. నేను ఎక్కినప్పుడు టిక్కెట్టు 8 బాట్లు, ఎంత దూరమైనా సరే. కండక్టరమ్మ చేతిలో సన్నటి పొడుగాటి రేకు గొట్టం ఉంటుంది, మన కళ్ళజోడు పెట్టెలా నిలువుగా తెరుచుకుంటుంది. లోపల ఒకవైపు చిల్లర, ఒకవైపు చుట్టలు చుట్టిన టిక్కెట్లు. ఆ మూత టకటకా కొట్టుకుంటూ వస్తుంది. ఆ చప్పుడు వినగానే కునికిపాట్లు పడుతున్నవాళ్ళు కూడా కళ్ళు తెరవకుండానే చెయ్యి జేబులోకి పోనిస్తారు. మూత అంచుకి టిక్కెట్టు ఆనించి ఒక్క లాగు లాగి చింపి ఇస్తుంది. ఆ బస్సులు నడిపే ప్రభుత్వ సంస్థ ఏళ్ళ తరబడి అప్పుల్లో ఉంది. అంటే నా ప్రయాణంలో మిగతా ఖర్చు ఆ ఊరి జనం పన్నుల్లోంచి వచ్చింది. ఇందులో నా తెలివి ఏముంది? నంబరు చూసి ఎక్కాను, అంతే.

స్కైట్రెయిన్, అంటే స్తంభాల మీద నడిచే మెట్రో, 1999లో వచ్చింది. చల్లగా, శుభ్రంగా ఉంటుంది. నాలుగైదు సార్లు ఎక్కాను. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు.

రాయాల్సింది సెన్‌సేప్ కాలువ పడవ గురించి. 1837లో మొదలుపెట్టి 1840కల్లా తవ్వించిన కాలువ అది, సైన్యాన్ని తూర్పుకి తరలించడానికి. యుద్ధం పోయింది, నీళ్ళు నల్లబడ్డాయి, కాలువ మాత్రం మిగిలింది. ఇప్పుడు దాంట్లో ఆఫీసు జనం తిరుగుతారు. పాత ఊరి అంచున ఫాన్‌ఫా రేవులో ఎక్కితే ప్రతూనామ్ దాకా పావుగంట. రోడ్డు మీద ట్రాఫిక్‌లో అదే దూరానికి గంట పట్టినా ఆశ్చర్యం లేదు. టిక్కెట్టు 20 బాట్లు అటూ ఇటూ, దూరాన్ని బట్టి. పడవ రేవులో పూర్తిగా ఆగదు. తాడు ఒక చుట్టు వేసి క్షణం పట్టి ఉంచుతారు. అంతలోనే దిగేవాళ్ళు దిగాలి, ఎక్కేవాళ్ళు ఎక్కాలి. ముసలమ్మలు కూరగాయల సంచీలతో దూకుతుంటే నేను మాత్రం బ్యాగుతో ఊగిసలాడుతూ నిలబడ్డాను. టిక్కెట్లిచ్చే మనిషి హెల్మెట్ పెట్టుకుని పడవ బయటి అంచు మీదే నడుస్తుంటాడు. వంతెన వస్తే తల వంచుతాడు, అటు దాటగానే మళ్ళీ చెయ్యి చాస్తాడు.

మొదటిరోజు సాయంత్రం, మంచి రద్దీ వేళ. ఖాళీ కనబడిందని అంచు సీట్లో కూర్చున్నాను, కాలువ బాగా కనిపిస్తుందని. కాళ్ళ దగ్గర ఒక ప్లాస్టిక్ పట్టా, దానికి పైనుంచి వేలాడే తాడు. అదేమిటో పట్టించుకోలేదు. ఫోన్ తీసి వీడియో తీస్తున్నాను. ఎదురుగా ఇంకో పడవ వచ్చింది. ముందు వరసలో, వెనక వరసలో అంచున కూర్చున్నవాళ్ళందరూ ఒక్కసారే తాళ్ళు లాగారు, పట్టాలు సర్రున పైకి లేచాయి. నా దగ్గర మాత్రం లేవలేదు. ఆ సందులోంచి కాలువ నీళ్ళు ఎగిరొచ్చి నా పక్కనున్న అమ్మాయి తెల్లచొక్కా మీద పడ్డాయి. ఆఫీసు నుంచి ఇంటికెళ్తున్నట్టుంది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. నా మీదుగా చెయ్యి చాచి, ఆ తాడు తనే లాగి పట్టుకుని దిగేదాకా అలాగే కూర్చుంది. నాకు సారీ తప్ప ఇంకేం మాట రాలేదు, అదీ వాళ్ళ భాషలో రాలేదు.

అంచు సీటుకు ఒక పని ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు కూడా, ఎందుకంటే ఆ పడవ నాకోసం నడవడం లేదు. ఆ ధర రోజూ రెండుసార్లు ఎక్కేవాళ్ళని చూసి పెట్టింది. టూరిస్టులకి నదిలో వేరే పడవలుంటాయి, టిక్కెట్టు ఎక్కువ, సీటు మెత్తన, మైకులో వివరణ. నేను అది వద్దనుకుని వీళ్ళ పడవలోకి దూరాను. దూరొచ్చు, ఎవరూ వద్దనరు. కానీ రద్దీ వేళలో పెద్ద బ్యాగు వేసుకుని, వీడియో తీసుకుంటూ, తాడు లాగకుండా కూర్చుని, దాన్ని "లోకల్ ఎక్స్‌పీరియెన్స్" అనుకోవడం ఉందే, అది నాకు సిగ్గనిపించింది. మర్నాటి నుంచి ఉదయం పది తర్వాతే కాలువ పడవ ఎక్కాను.

తిండి దగ్గర ఈ లెక్క ఇంకా సూటిగా కనిపిస్తుంది. సందుల్లో (సోయి అంటారు) మంచినీళ్ళ మిషన్లుంటాయి, ఒక బాట్ నాణెం వేసి సీసా పడితే లీటరు దాకా వస్తాయి. సీసాల్లో నీళ్ళు కొనడం రెండోరోజుకే మానేశాను. పళ్ళ బండి మీద అద్దాల పెట్టెలో ఐసు మధ్య జామ, మామిడి, అనాస చెక్కి ఉంచుతారు. అడిగింది తీసి, చెక్క మీద టకటకా తరిగి, కవర్లో పోసి, ఒక వెదురు పుల్ల గుచ్చి, ఉప్పూ పంచదారా కారం కలిపిన పొట్లం పడేసి ఇస్తారు. ఆ బండి దగ్గర మనవాడే ఒకడు ముప్ఫైకి అమ్మే కవరును ఇరవైకి అడుగుతున్నాడు. ఆమె కాలిక్యులేటర్ మీద 30 నొక్కి చూపిస్తోంది, ఇతను 20 నొక్కి చూపిస్తున్నాడు. నాలుగుసార్లు అయింది. చివరికి ఆమె విసుక్కోకుండా ఇంకో రెండు మామిడి ముక్కలు వేసి 30 చూపించింది. ఇతను మూతి ముడుచుకుని కట్టాడు. బజార్లో చొక్కాకి బేరమాడండి, చెప్పే ధరే దానికి తగ్గట్టు చెప్తారు. వండి పెట్టేవాళ్ళతో, తరిగి ఇచ్చేవాళ్ళతో బేరమేమిటి? పది బాట్లు ఆదా చేశానని ఊరెళ్ళి చెప్పుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు.

శాకాహారులకి ఒక మాట, అడుగుతారని తెలుసు కాబట్టి. ఏది అడిగినా చేపల సాసు పడకుండా రాదు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు వెతకండి. చూడ్డానికి 17 అంకెలా ఉంటుంది, "జే" అని చదవాలి. అక్కడ మాంసం, గుడ్డు, చేపల సాసు ఏవీ వెయ్యరు, ఉల్లి వెల్లుల్లి కూడా. జెండా కనబడకపోతే "మంగ్‌సవిరత్" అనండి. మూడుసార్లు పైకి అనుకుంటే మీకే తెలుస్తుంది, మాంస విరతి. అన్నాన్ని, కూరని కలిపి వాళ్ళనే మాట "ఆహాన్". చివర్లో ఉన్న "ర"ని వాళ్ళు "న్" అంటారు, అందుకే ఆహారం ఆహాన్ అయింది, విహారం విహాన్ అయింది, నగరం నఖోన్ అయింది. ఈ ఒక్క కిటుకు తెలిశాక మెట్రో అనౌన్స్‌మెంట్లు కూడా సగం అర్థమైనట్టే అనిపించాయి. "సథానీ" అంటే స్టేషను, "వేలా" అంటే వేళ.

ఇక లంగరు, అంటే సిక్కుల గురుద్వారాలో పెట్టే ఉచిత భోజనం. ఫాహురాత్ బట్టల బజారు మధ్యలో పెద్ద గురుద్వారా ఉంది, తెల్ల గోడలు, బంగారు గుమ్మటం. అక్కడ ఉదయం పూట వచ్చినవాళ్ళందరికీ భోజనం పెడతారు. పిన్ని కొడుకు షీటులో ఆ గడిలో "లంచ్ - 0" అని ఉంది, పక్కన బొటనవేలి గుర్తు. నేనూ వెళ్ళాను. కాళ్ళు కడుక్కుని, తలకి గుడ్డ చుట్టుకుని, కింద వరసలో కూర్చున్నాను. రొట్టెలు, పప్పు, కూర, పాయసం. రొట్టె వడ్డించే పెద్దాయన చేతుల్లో పెడతాడు, కంచంలో వెయ్యడు, రెండు చేతులూ చాచి తీసుకోవాలి. చాచాను. అప్పుడు ఆ సున్నా గుర్తొచ్చింది. ఆ రొట్టె ఖరీదు సున్నా ఎలా అవుతుంది? కింద బజార్లో తానులు చింపి అమ్మే కుటుంబాలు తెల్లారుజామునే వచ్చి పిండి కలిపితే వచ్చిన రొట్టె అది. ఎవరైనా తినొచ్చు, అది వాళ్ళ ధర్మం. దాన్ని డబ్బు ఆదా చేసే చిట్కాగా పదిమందికి పంచడం మాత్రం నాకు మింగుడు పడలేదు. హుండీలో 100 బాట్లు వేశాను. అది భోజనం ఖరీదని కాదు, ఆ గడిలో సున్నా రాయలేక.

ఇక్కడే నా వాదానికి అడ్డం వచ్చే సంగతి ఒకటుంది, దాటవెయ్యను. ప్యాలెస్ టిక్కెట్టు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను, ఈసారి ఎవరి మొహమూ చూడకుండా. థాయివాళ్ళకి ఉచితం. నాకు 500 బాట్లు, సుమారు పదమూడు వందల రూపాయలు. నా ముందు కుటుంబం చేతులూపుకుంటూ వెళ్ళిపోయింది. ఒళ్ళు మండింది. తోలు రంగు చూసి దోచుకుంటున్నారని లైనులో నా వెనకున్న మరాఠీ ఆయన కూడా అన్నాడు. నేనూ తలూపాను. పది నిమిషాల తర్వాత తాజ్‌మహల్ గుర్తొచ్చింది. అక్కడ నాకు 50 రూపాయలు, విదేశీయులకి 1,100. సార్క్, బిమ్స్‌టెక్ అనే మన ఇరుగుపొరుగు కూటముల దేశాల వాళ్ళకి కాస్త దయతలచి 540. థాయ్‌లాండ్ బిమ్స్‌టెక్‌లో ఉంది, అసలు ఆ కూటమి 1997లో పుట్టిందే బ్యాంకాక్‌లో. అంటే ఈ లైనులోంచి ఉచితంగా వెళ్ళిన కుటుంబం ఆగ్రా వస్తే తలా 540 కడుతుంది, నేను వాళ్ళ పక్కనుంచి 50 ఇచ్చి వెళ్తాను. అప్పుడు నాకు ఒళ్ళు మండదు. మన స్మారకాలని మన పన్నులతో నిలబెడుతున్నాం కాబట్టి మనకి తక్కువ అంటాను, అదే మాట ఇక్కడా వర్తిస్తుంది. 8 బాట్ల బస్సు వాళ్ళ పన్నుతో ఎక్కి, 500 బాట్ల దగ్గర ఏడవడం కుదరదు. ప్యాలెస్ ఆవరణలోనే ఉన్న మరకత బుద్ధుడి గుడి గోడల మీద చుట్టూ రామాయణం బొమ్మలున్నాయి. హనుమంతుడు తెల్లగా, సన్నగా, మహా కొంటెగా ఉన్నాడు. రెండు గంటలు అక్కడే గడిచిపోయాయి.

పూర్తిగా ఉచితంగా చూసినదాని గురించి కూడా చెప్పాలి. డార్మిటరీ నుంచి పది నిమిషాలు నడిస్తే నగరపాలక సంస్థ భవనం. దాని ముందు పలక మీద ఊరి పూర్తి పేరు రాసి ఉంటుంది. బ్యాంకాక్ అనేది మనం పిలిచే పేరు, వాళ్ళకి అది క్రుంగ్ థేప్. అసలు పేరు ప్రపంచంలోకెల్లా పొడుగైన ఊరి పేరు, ఇంగ్లీషులో రాస్తే 168 అక్షరాలు. ఫోన్లో చూసి చదవబోయి నోరు తిరక్క ఆగాను. తర్వాత ఆ "న్" కిటుకుతో మెల్లగా విప్పితే మన పంతులుగారు సంకల్పం చెప్తున్నట్టే ఉంది. మహానగర, అమర, రత్నకోశ, మహేంద్ర, అయోధ్య, నవరత్న రాజధాని, ఉత్తమ రాజనివేశన, మహాస్థాన, అమర విమాన, అవతార స్థిత. చివర్లో శక్రదత్త, విశ్వకర్మ ప్రసిద్ధి. 1782లో మొదటి రాముడనే రాజు రాజధాని మార్చి ఈ పట్నం కట్టించాడని చరిత్ర. పేరులో మాత్రం ఇంద్రుడు ఇచ్చాడు, విశ్వకర్మ కట్టాడు అని ఉంది. ఈ ఊరి విషయంలో కట్టినవాడూ కట్టించినవాడూ కూడా వేరేవాళ్ళేనన్నమాట.

దానికి ఎదురుగానే పెద్ద ఊయల, 21 మీటర్ల ఎర్ర టేకు స్తంభాలు, ఊయల బల్ల లేదు. ఒకప్పుడు బ్రాహ్మణులు దాని మీద ఊగి, పైన కట్టిన నాణేల మూట నోటితో అందుకునేవారట. ప్రమాదాల వల్ల 1935లో ఊగడం ఆపేశారు. పండగ పేరు త్రియంపవాయ్, త్రిపవాయ్. తిరువెంపావై, తిరుప్పావై. ధనుర్మాసంలో పాడే తమిళ భక్తిపాటలే. పక్కనే వాళ్ళ దేవస్థానం, ఇప్పటికీ రాజుగారి బ్రాహ్మణులు అక్కడే ఉంటారు. షీటులో ఈ రెండింటికీ గడి లేదు. టిక్కెట్టు లేనిదాన్ని షీటులో ఎక్కడ వేస్తాం?

ఆఖరి రోజు సామాను కౌంటర్ దగ్గర పెట్టి, పదిన్నరకి ఫాన్‌ఫా రేవుకి వెళ్ళాను. పడవ సగం ఖాళీ. అంచు సీట్లోనే కూర్చున్నాను. పక్కన ఒక పెద్దావిడ, ఒళ్ళో బంతిపూల కవరు. బోబే రేవు దాటాక జేబులో ఫోన్ మోగింది, ఆగి మళ్ళీ మోగింది. పిన్ని కొడుకే అయి ఉంటాడు. మొత్తం ఎంతయిందని రెండు రోజులుగా అడుగుతున్నాడు. తనకన్నా నాలుగు వేలు ఎక్కువయిందని చెప్తే ఎక్కడ పోయాయో గడి గడీ వెతుకుతాడు. వంపు తిరగ్గానే ఎదురుగా పడవ వస్తోంది, ముందు వరసలో తాళ్ళు లేస్తున్నాయి. రెండు చేతులతో తాడు లాగాను. కాస్త ఆలస్యమైంది, నాలుగు చుక్కలు నా మొహానే పడ్డాయి. పెద్దావిడ కవరు పొడిగానే ఉంది. పట్టా దించుదామని చూస్తే ఇంకో పడవ వస్తోంది. ఫోన్ మోగుతూనే ఉంది.